మెడ రక్తనాళంలో ‘సూడో అన్యూరిజం’ అన్నారు, తమ్ముడికి 34 ఏళ్లే. ఏం చేయాలి?

అనంత_రఘు (అనంతపురం)

అందరికీ నమస్కారం. పోస్టు పొడవైతే ఏమీ అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తేనే మీకు అర్థమవుతుందని మొత్తం రాస్తున్నాను.

మా తమ్ముడు చీనీకాయల వ్యాపారం చేస్తాడు, పొద్దున నాలుగింటికే మార్కెట్ యార్డులో ఉంటాడు. బీపీ లేదు, షుగర్ లేదు, సిగరెట్ అలవాటు లేదు. మూడు వారాల కిందట ఒక ఆదివారం కటింగ్‌కి వెళ్లాడు. కటింగ్ అయ్యాక తల మసాజ్ చేసి, ఎప్పటిలాగే గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి మెడను ఇటొకసారి అటొకసారి టక్కుమనిపించారు. రెండోసారి తిప్పినప్పుడు ఎడమ పక్క చురుక్కుమందట. సాయంత్రానికి ఎడమ దవడ కింద నుంచి కన్ను వెనక దాకా ఒకటే నొప్పి. మెడ పట్టేసిందని అమ్మ ఆముదం రాసి కాపడం పెట్టింది. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకున్నాడు.

నాలుగో రోజు ఎడమ కన్ను రెప్ప కాస్త వాలినట్టుందని మా మరదలు అంది. నిద్ర చాలలేదేమో అనుకున్నాం. చెవిలో గుండె కొట్టుకున్నట్టు దబ్ దబ్ అని వినిపిస్తోందని వాడే చెప్పాడు, అదీ పట్టించుకోలేదు. ఆరో రోజు పొద్దున టీ తాగుతుంటే కుడి చేతిలోంచి గ్లాసు జారిపోయింది. వంగి తీసుకోబోతే వేళ్లు మూసుకోలేదు. ఏమైందిరా అంటే మాట ముద్దగా వచ్చింది. పది నిమిషాల్లో అంతా మామూలైపోయింది. మా మరదలు నేల తుడిచింది, వాడు ఇంకో గ్లాసు టీ పోయించుకుని తాగాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

దగ్గర్లో ఉన్న ఒక నర్సింగ్ హోంలో తల సీటీ తీసి నార్మల్ అన్నారు. గ్యాస్, టెన్షన్ అని చెప్పి పంపించేశారు. మా బావ ఒప్పుకోలేదు, మరో చోటికి తీసుకెళ్లాం. అక్కడి న్యూరాలజిస్టు వాడి కళ్లు చూడగానే మెడ సీటీ యాంజియో (రంగు మందు ఎక్కించి రక్తనాళాలు చూసే స్కాన్) రాశారు. ఎడమ ఇంటర్నల్ కెరోటిడ్ ధమనిలో డిసెక్షన్ (గోడ చీలిక), పుర్రె అడుగుకు కొంచెం కింద 7 మిల్లీమీటర్ల సూడో అన్యూరిజం అని రిపోర్టు. ఎంఆర్‌ఐలో మెదడు ఎడమ వైపు రెండు చిన్న తెల్ల చుక్కలు కనిపించాయి. ఐదు రోజులు ఉంచుకుని, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మాత్ర రాసి, మూడు నెలలకు మళ్లీ స్కాన్ తీద్దామన్నారు.

ఇంట్లో ఇప్పుడు ఒకటే గొడవ. ‘మెడలో బుడగ పెట్టుకుని మాత్రలు మింగడమేంది, అది పగిలితే మనిషి దక్కడు, బెంగళూరు తీసుకుపోయి ఆపరేషన్ చేయించండి’ అని చుట్టాలు. అమ్మకు నిద్ర లేదు. వాడేమో ఎవరైనా పిలిస్తే మెడ తిప్పకుండా ఒళ్లంతా తిప్పి చూస్తున్నాడు. నాలుగేళ్ల కొడుకు భుజాల మీద ఎక్కుతానంటే ఏడ్పు మొహం పెట్టి వద్దంటున్నాడు. మాత్రలు చాలా? బెంగళూరు వెళ్లాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నా_గట్టు (తాడిపత్రి)

అన్నా, ధైర్యంగా ఉండండి. పేరు, నంబర్లు కొట్టేసి రిపోర్టు ఇక్కడ పెట్టండి. మన గుంపులో కర్నూలు డాక్టర్ గారున్నారు, రాత్రిళ్లు చూస్తుంటారు.

న్యూరో_కర్నూలు (కర్నూలు)

రఘు గారూ, రిపోర్టు చూశాను. మీ తమ్ముణ్ని చూడకుండా వైద్యం చెప్పడం సరికాదు, చూసిన డాక్టర్ మాటే మీకు చివరి మాట. కానీ ఈ జబ్బు ఏమిటో అర్థమైతే మీ ఇంట్లో భయం సగం తగ్గుతుంది, అందుకని వివరంగా రాస్తున్నాను.

మెదడుకు రక్తం నాలుగు ధమనుల్లో వెళ్తుంది. మెడకు ముందు వైపు రెండు కెరోటిడ్‌లు, వెనక రెండు వర్టిబ్రల్‌లు. పొలంలో వాడే దారాల పైపు గుర్తు తెచ్చుకోండి. లోపల నున్నటి పొర, మధ్యలో అల్లిక, పైన తోలు. ధమని గోడ కూడా అచ్చం అలాగే మూడు పొరలు. లోపలి పొర చీలితే రక్తం ఆ చీలికలోంచి గోడలోకి దూరి పొరల్ని విడదీస్తుంది. అదే డిసెక్షన్. దూరిన రక్తం పై పొరను బయటికి నెట్టి సంచిలా చేస్తే అది సూడో అన్యూరిజం. అసలు అన్యూరిజంలో మూడు పొరలూ కలిసి ఉబ్బుతాయి. ఇందులో అలా కాదు, లోపలి పొరలు తెగి, పై పొరో చుట్టూ ఉన్న కండో మాత్రమే రక్తాన్ని ఆపుతుంది. ‘సూడో’ అన్నది అందుకే. నకిలీ అంటే లేనిదని కాదు.

మీ చుట్టాల భయం పగలడం గురించి. డిసెక్షన్ వల్ల మెడ భాగంలో వచ్చిన ఇలాంటి సంచి పగలడం చాలా అరుదు. అసలు ముప్పు వేరే ఉంది. చీలిన చోట గరుకుగా ఉంటుంది, సంచిలో రక్తం సుడి తిరిగి నిలుస్తుంది, అక్కడ గడ్డలు కడతాయి. ఆ గడ్డలో చిన్న ముక్క తెగి పైకి వెళ్తే మెదడులో ఒక కొమ్మ మూసుకుపోతుంది. గ్లాసు జారిన ఆ పది నిమిషాలు అదే. ఎంఆర్‌ఐలోని రెండు చుక్కలు కూడా అవే. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఇచ్చింది ఆ గడ్డలు కట్టకుండా. అంటే మీ తమ్ముడికి అసలు వైద్యం జరుగుతోంది. ‘ఏమీ చేయకుండా మాత్రలిచ్చి పంపారు’ అని దయచేసి అనుకోవద్దు.

రెప్ప వాలడం గురించి. కెరోటిడ్ గోడను అంటుకునే కంటికి వెళ్లే సన్నటి నరాల అల్లిక ఉంటుంది. గోడ ఉబ్బితే అది నలుగుతుంది. రెప్ప కొంచెం వాలుతుంది, ఆ పక్క కంటిపాప చిన్నదవుతుంది. 1869లో స్విట్జర్లాండ్ కంటి డాక్టర్ హార్నర్ దీన్ని వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. వెలుతురులో తేడా అంతగా తెలియదు. గదిలో లైటు తగ్గించి చూస్తే మంచి కన్ను పాప పెద్దదవుతుంది, దెబ్బతిన్న వైపు పాప చిన్నగానే ఉండిపోతుంది. మీ న్యూరాలజిస్టు పట్టుకున్నది బహుశా ఇదే. మెడ నొప్పి, రెప్ప వాలడం రెండూ ఒకే పక్క కొత్తగా వస్తే మేము ఇంకేదీ ఆలోచించం, ముందు కెరోటిడ్ చూస్తాం.

మాత్రలు చాలా అన్న ప్రశ్నకు: బ్రిటన్, ఆస్ట్రేలియా ఆసుపత్రులు కలిసి మెడ ధమనుల డిసెక్షన్ ఉన్న 250 మందితో ఒక పరీక్ష చేశాయి, 2015లో ఫలితం ప్రచురించారు. సగం మందికి ఆస్పిరిన్ తరహా మందులు, సగం మందికి రక్తం పలచబరిచే హెపారిన్, వార్ఫరిన్ తరహా మందులు. మూడు నెలల్లో మళ్లీ పక్షవాతం వచ్చింది మొత్తంలో నలుగురికే. రెండు రకాల మందుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ముప్పు ఎక్కువగా ఉండేది మొదటి రెండు వారాల్లో. మీరు ఆ గండం దాటారు.

స్టెంట్ ఎప్పుడంటే: మందులు వాడుతున్నా మళ్లీ చెయ్యో మాటో పడిపోతుంటే, సంచి పెరుగుతుంటే, పక్క నరాలను నొక్కి గొంతు మారి మింగలేకపోతుంటే, లేదా నాళం మరీ ఇరుకై మెదడుకు రక్తం చాలకపోతే. అప్పుడు కూడా మెడ కోయడం తక్కువ. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో ధమనిలోంచి సన్నటి గొట్టం పంపి, సంచి మూతికి అడ్డంగా జల్లెడ లాంటి స్టెంట్ వేస్తాం. అది వేసినా నెలల తరబడి రెండు మాత్రలూ తప్పవు.

అనంత_రఘు

డాక్టర్ గారూ, మీ పోస్టు అమ్మకు రెండు సార్లు చదివి వినిపించాను. ‘పగలదంటన్నారా?’ అని మూడోసారి కూడా అడిగింది. చాలా థ్యాంక్స్ సార్. ఒక్క సందేహం. ఇది ఆ మెడ తిప్పడం వల్లే వచ్చిందా?

న్యూరో_కర్నూలు

మీ తమ్ముడి విషయంలో సమయం, చోటు రెండూ సరిపోతున్నాయి కాబట్టి అనుమానం బలంగానే ఉంది. అయినా నూటికి నూరుపాళ్లు అదేనని ఎవరూ చెప్పలేరు. కొందరికి ముందే చిన్న చీలిక ఉండి, దాని వల్ల మెడ నొప్పి పుట్టి, ఆ నొప్పికే మెడ తిప్పించుకుంటారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో దీని మీదే ఒక ప్రకటన ఇచ్చింది. మెడ తిప్పడానికీ డిసెక్షన్‌కీ సంబంధం కనిపిస్తోంది, కారణమని తేల్చడానికి ఆధారాలు చాలవు, అయినా చేసే ముందు మనిషికి ఈ ముప్పు చెప్పాలి అన్నది దాని సారాంశం. గట్టి దగ్గు, వాంతులు, బరువు ఎత్తడం, బండి ప్రమాదంలో తల విసురుగా ఊగడం, పుట్టుకతో ధమని గోడ బలహీనంగా ఉండడం, ఇవన్నీ కారణాలే. ఒక్కోసారి ఏ కారణమూ దొరకదు.

సీమ_రైతు (ఉరవకొండ)

మా తాత కాలం నుంచి మెడ తిప్పించుకుంటున్నాం. నాకు 61. ఎవరికీ ఏమీ కాలేదు. ఒకరికి అయిందని అందరినీ భయపెట్టడం న్యాయమా?

న్యూరో_కర్నూలు

పెద్దాయనా, మీరన్నది నిజమే, లక్షల మందికి ఏమీ కాదు. డిసెక్షన్ మొత్తంగానే అరుదు. ఏడాదికి లక్ష మందిలో ఇద్దరు ముగ్గురికి అని పుస్తకాల లెక్క. కానీ వయసులో ఉన్నవాళ్లకు పక్షవాతం వస్తే దాని వెనక ఉండే ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఆ తిప్పడం వల్ల వచ్చే సుఖం రెండు నిమిషాలు. తేడా వస్తే పోయేది ముప్పై ఏళ్ల మనిషి చెయ్యి, మాట. నేను నా మెడ ఎవరినీ తిప్పనివ్వను, మా ఇంట్లో వాళ్లకూ అదే చెప్పాను.

గుంతకల్లు_శీను (గుంతకల్లు)

మా నాయనది వెనక వైపు ధమని. 58 ఏళ్లు. బోరు మోటారు పైకి లాగే పనిలో రెండు రోజులు తల పైకెత్తి నిలబడ్డాడు. మూడో రోజు మెడ వెనక కుడి పక్క నొప్పి, తర్వాత తల తిరుగుడు, వాంతులు, ఆగని ఎక్కిళ్లు. చెవిలో నరం దోషమని ఒకరు, గ్యాస్ అని ఇంకొకరు చెప్పారు. నాలుగు రోజులు అలాగే పోయాయి. ఐదో రోజు నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చాయి. అప్పుడు ఎంఆర్‌ఐ తీస్తే మెదడు కాండంలో పక్షవాతం, కుడి వర్టిబ్రల్‌లో చీలిక, చిన్న సంచి.

ఐదు వారాలు ముక్కులో గొట్టం. గొట్టం తీసే ముందు అక్కడి సిస్టర్ మింగడం నేర్పించింది. నీళ్లు, టీ లాంటి పలచటివి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, చిక్కటివి ముందు అలవాటు చేయాలని చెప్పింది. గడ్డం ఛాతీకి ఆనించి మింగమనేది. మా నాయన మొదట మింగింది చిక్కటి రాగి అంబలి, చెంచాతో. ‘బువ్వ దిగింది’ అని ఏడ్చాడు. ఇప్పుడు సంకటి ముద్ద తింటున్నాడు. ఎడమ చేతికి వేడి, చల్లన తేడా మాత్రం ఇప్పటికీ తెలియదు.

రఘు అన్నా, మీ తమ్ముడి జబ్బు త్వరగా దొరికింది. అది పెద్ద అదృష్టం.

న్యూరో_కర్నూలు

శీను గారూ, మీ నాయన గారికి నా నమస్కారాలు చెప్పండి. వర్టిబ్రల్ ధమని మెడ ఎముకల పక్కనున్న చిల్లుల్లోంచి, ఆరో ఎముక నుంచి ఒకటో ఎముక దాకా పైకి పోతుంది. అన్నిటికంటే పైన, తల తిరిగే చోటే మెలిక తీసుకుంటుంది. అందుకే మెడ విసురుగా తిప్పినా, వెనక్కి వాల్చి చాలాసేపు ఉంచినా దెబ్బ తగిలేది అక్కడ. బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి కడిగించుకున్నాక పక్షవాతం వచ్చిన ఐదుగురి గురించి 1993లోనే అమెరికాలో ఒక న్యూరాలజిస్టు రాశాడు.

ఒక ముఖ్యమైన మాట పైన చెప్పడం మరిచాను. చీలిక పుర్రె లోపలి భాగంలో ఉంటే లెక్క మారుతుంది. అక్కడ ధమని గోడ పలచన, చుట్టూ ఆపడానికి కండ లేదు. పగిలితే మెదడు చుట్టూ రక్తస్రావం. జీవితంలో ఎప్పుడూ రానంత తలనొప్పి క్షణంలో వస్తే అది వేరే అత్యవసరం. దెబ్బలు తగిలి, చీము పట్టి, లేదా ఆపరేషన్‌లో పొరపాటున గుచ్చుకుని వచ్చిన సంచులు కూడా మొండివే. పెరుగుతాయి, పగులుతాయి. రఘు గారికి నేను చెప్పిన ధైర్యం వాటికి వర్తించదు.

కడప_లక్ష్మి (కడప)

డాక్టర్ గారు ఆఖర్లో చెప్పింది మా పిల్లాడికి జరిగింది. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మావాడు పులివెందుల రోడ్డులో బైకు మీంచి పడ్డాడు. హెల్మెట్ లేదు. పుర్రె అడుగు భాగంలో చీలిక అన్నారు. కుడి కన్ను చూపు పోయింది, నరం దెబ్బతిందన్నారు. పన్నెండు రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం. ఇరవై నాలుగో రోజు రాత్రి అన్నం తింటుంటే ముక్కులోంచి రక్తం మొదలైంది. కారడం కాదు, కొళాయి విప్పినట్టు. కంచం నిండిపోయింది. ఆసుపత్రిలో ముక్కులో గుడ్డ కుక్కి, ఆగాక పంపించేశారు. వేడి చేసిందేమో, మజ్జిగ తాగించమని కూడా అన్నారు. మూడు రోజులకు మళ్లీ అంతే. ఈసారి వేరే చోటికి పోయాం. అక్కడ చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ ముక్కులో గుడ్డ తీయనివ్వలేదు. ‘తలకు దెబ్బ తగిలింది, ఒక కన్ను చూపు పోయింది, ఇప్పుడు ముక్కులోంచి రక్తం, ఇది ముక్కు జబ్బు కాదమ్మా’ అని అప్పటికప్పుడు యాంజియోకి పంపింది. కెరోటిడ్ ధమనికి పుర్రె లోపల సంచి కట్టి ముక్కు వెనక గదిలోకి తెరుచుకుందట. ముందు ఆ ధమనిని బెలూన్‌తో కాసేపు మూసి, మెదడు తట్టుకుంటుందో లేదో చూశారు. తట్టుకుంది. తర్వాత కాయిల్స్ (సన్నటి తీగ చుట్టలు) పెట్టి శాశ్వతంగా మూసేశారు.

ఒక కన్ను లేదు. పిల్లాడు ఉన్నాడు. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం.

న్యూరో_కర్నూలు

లక్ష్మి గారూ, ఆ డాక్టరమ్మ ప్రాణం నిలబెట్టింది. ఆ మూడూ కలిసి వస్తే ఏమిటన్నది పాత పాఠమే, అయినా అర్ధరాత్రి క్యాజువాలిటీలో గుర్తు రావాలి కదా. దెబ్బకూ రక్తానికీ మధ్య వారాలు గడవడం వల్ల రెండిటినీ ముడిపెట్టరు. తలకు దెబ్బ తగిలిన వాళ్లకు తర్వాత ముక్కులోంచి ధారగా రక్తం వస్తే, పాత డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లి చూపించండి. అలాగే కన్ను ఎర్రబడి ముందుకు పొడుచుకొచ్చి, తలలో హోరు వినిపిస్తే ధమని పక్కనున్న సిరలోకి తెరుచుకుందని అర్థం. అది కూడా వెంటనే చూడాల్సిందే.

సిస్టర్_విజయ (అనంతపురం)

నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని. ప్రమాదం కేసులు 44వ నంబరు హైవే మీంచి రోజూ వస్తాయి. మా దగ్గర ఇప్పుడు కొందరికి తల సీటీతో పాటు మెడ యాంజియో కూడా తీస్తున్నారు. మెడ ఎముక విరిగినవాళ్లు, ముఖం ఎముకలు నుజ్జయినవాళ్లు, పుర్రె అడుగు చీలినవాళ్లు, మెడ మీద సీటు బెల్టు గీత పడినవాళ్లు. చున్నీ బండి చక్రంలో చుట్టుకుని మెడ బిగుసుకున్న అమ్మాయిలను కూడా. పైకి గీత తప్ప ఏమీ కనిపించదు, మాట్లాడుతూనే ఉంటారు, ఇంటికి పోతామంటారు. పోనివ్వకండి. ఒక్క రాత్రి ఉంచండి, మెడ స్కాన్ అడగండి. లోపల చీలిక ఉంటే పక్షవాతం గంటల తర్వాతో రోజుల తర్వాతో వస్తుంది. ఆ మధ్య సమయమే మనకు దొరికే అవకాశం.

రఘు గారూ, ఇంట్లో చూసుకోవాల్సినవి చెప్తాను. నొప్పి వస్తే మెడికల్ షాపు మాత్రలు ఇక వద్దు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మీద అవి కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. పారాసిటమాల్ సరిపోతుంది. మలం తారులా నల్లగా వస్తే వెంటనే చెప్పండి. మెడ మామూలుగా తిప్పొచ్చు, బిగబట్టుకుని ఉండక్కర్లేదు. చీనీ బస్తాలు ఎత్తడం, మెడ మసాజ్, పిల్లాణ్ని భుజాల మీద ఎక్కించుకోవడం మాత్రం డాక్టర్ సరే అనేదాకా వద్దు. ఒళ్లో కూర్చోబెట్టుకోమనండి.

మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం, ఈ మూడింట్లో ఏది వచ్చినా 108. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే సమయం. ‘తగ్గిపోయిందిలే’ అని ఇంట్లో కూర్చోవద్దు. తగ్గినా రావాలి.

ధర్మవరం_మగ్గం (ధర్మవరం)

అక్కా, నాకు పన్నెండేళ్లుగా మెడ నొప్పి. మగ్గం పని. ఇది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నేను కూడా స్కాన్ తీయించుకోవాలా?

సిస్టర్_విజయ

అక్కర్లేదు తమ్ముడూ. పన్నెండేళ్లుగా ఒకే తీరుగా ఉండి, మగ్గం దిగితే తగ్గే నొప్పి కండరాలది. ఇది అలా ఉండదు. ఉన్నట్టుండి కొత్తగా, ఎక్కువగా ఒకే పక్క వస్తుంది. ‘ఇలాంటి నొప్పి నాకు ఎప్పుడూ రాలేదు’ అని మనిషే చెప్తాడు. దానికి రెప్ప వాలడమో, తల తిరగడమో, మాట తడబడడమో, చెవిలో నాడి కొట్టుకోవడమో తోడైతే ఆలస్యం చేయకూడదు. నీ మెడకు మాత్రం గంటకోసారి లేచి నడవడమే మందు.

ఫిల్మ్_ప్రొద్దుటూరు (ప్రొద్దుటూరు)

నేను స్కానింగ్ సెంటర్‌లో టెక్నీషియన్‌ని. తల సీటీ నార్మల్ అని రఘు గారి తమ్ముణ్ని పంపేశారు కదా, ఇలా రోజూ జరుగుతుంది. మామూలు తల సీటీ మెదడులో రక్తస్రావం ఉందా అని చూడడానికి. ధమని గోడ అందులో కనపడదు. చీటీలో ‘మెడ, తల సీటీ యాంజియో’ అని రాసి ఉండాలి. డాప్లర్ (రక్తం పారడం చూసే అల్ట్రాసౌండ్) చేశాం, బాగుంది అని కొందరు అంటారు. పుర్రె కింద ఆ పై భాగం దవడ ఎముక చాటున ఉంటుంది, డాప్లర్‌కు సరిగా అందదు. చీలికలు ఎక్కువగా అక్కడే. యాంజియోకి రంగు మందు ఎక్కిస్తారు కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్ష కాగితం తెచ్చుకోండి. ఫిల్ములు మాత్రమే కాదు, సీడీ అడిగి తీసుకోండి. మూడు నెలల తర్వాత సంచి పెరిగిందా తగ్గిందా అని పోల్చాలంటే పాత సీడీ లేకపోతే డాక్టర్‌కు కష్టం.

కత్తెర_మల్లి (తాడిపత్రి)

నాకు సెలూన్ ఉంది. పంతొమ్మిదేళ్లుగా ఈ పని. ఇది మొత్తం రెండు రోజులు చదివాను, రాయాలా వద్దా అనుకుని ఇప్పుడు రాస్తున్నాను.

మెడ తిప్పడం మా నాయన నేర్పించాడు. కస్టమర్లే అడుగుతారు, ‘అన్నా, మెడ తిప్పు, బరువు దిగుతాది’ అని. తిప్పకపోతే పని సగమే చేశాడంటారు. ఆ చప్పుడు వస్తే ఇద్దరికీ సంతోషం. ఆ చప్పుడు పక్కనే మెదడుకు పోయే నాళం ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. మా నాయనకూ ఎవరూ చెప్పి ఉండరు. ఈ వేళ పొద్దున నుంచి మానేశాను. తల మసాజ్, భుజాల మసాజ్ చేస్తాను, మెడ జోలికి పోను.

రఘు అన్నా, ఆ సెలూన్ ఆయన మీద మీకు కోపం ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఆయనకు తెలిసి చేయలేదు. ఒకసారి పోయి చెప్పండి. లేకపోతే రేపు ఇంకొకరికి చేస్తాడు.

అనంత_రఘు

మల్లి అన్నా, మీ పోస్టు చదివాక నిన్న వెళ్లాను. నిజం చెప్పాలంటే అరవాలనే వెళ్లాను. ఆయన మా తమ్ముడి చిన్నప్పటి నుంచి కటింగ్ చేస్తున్నాడు. రిపోర్టు చూపించి చెప్తుంటే, చేతిలో దువ్వెన పట్టుకుని అలాగే కస్టమర్ కుర్చీలో కూర్చుండిపోయాడు. ‘నా చేతులతోనా రఘూ’ అన్నాడు. నాకు అరవడానికి నోరు రాలేదు. సాయంత్రం ఇంటికొచ్చి తమ్ముణ్ని చూసి వెళ్లాడు. మీరు రాసింది ఫోన్‌లో చూపిస్తే రెండు సార్లు చదివించుకున్నాడు.

బెంగళూరు ప్రయాణం మానుకున్నాం. ఇక్కడి డాక్టర్ దగ్గరే ఉంటున్నాం.

పెన్నా_గట్టు

ఒకవేళ స్టెంట్ అవసరమైతే ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకాల డెస్కులో ముందే అడిగి పెట్టుకోండన్నా. ఏ పథకంలో ఎంత వస్తుందో వాళ్లే చెప్తారు. చివరి నిమిషంలో పరుగెత్తితే కాగితాలకే రెండు రోజులు పోతాయి.

అనంత_రఘు (మూడున్నర నెలల తర్వాత)

అందరికీ నమస్కారం. మొన్న మళ్లీ సీటీ యాంజియో అయింది. ప్రొద్దుటూరు అన్న చెప్పినట్టు పాత సీడీ తీసుకెళ్లాం, డాక్టర్ రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు. ఇరుకైన నాళం తెరుచుకుంది. సంచి 7 నుంచి 4 మిల్లీమీటర్లకు తగ్గింది. ఎంఆర్‌ఐలో కొత్త చుక్కలేవీ లేవు. క్లోపిడోగ్రెల్ ఆపి, ఆస్పిరిన్ ఒక్కటే కొనసాగించమన్నారు. ఆరు నెలలకు మరో స్కాన్. చిన్న సంచి అలాగే ఉండిపోయినా కుదురుగా ఉంటే దాని జోలికి పోనక్కర్లేదన్నారు.

రెప్ప ఇంకా కొంచెం వాలే ఉంది, సాయంత్రం అలసిపోతే ఎక్కువ తెలుస్తుంది. చెవిలో చప్పుడు పోయింది. యార్డుకు వెళ్తున్నాడు, బస్తాలు వేరే వాళ్లు ఎత్తుతున్నారు. నిన్న వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పి చూశాడు. అమ్మ అది చూసి లోపలికి వెళ్లిపోయింది, కళ్లు తుడుచుకుంటోందని నాకు తెలుసు.

ఒక్క ప్రశ్న ఉంది. వాడికి దవడ పన్ను పుచ్చింది, పీకాలన్నారు. పళ్ల డాక్టర్ దగ్గర అడిగితే ఐదు రోజులు ఆస్పిరిన్ ఆపి రమ్మన్నారు. ఆపొచ్చా?

న్యూరో_కర్నూలు

చాలా సంతోషం రఘు గారూ, ఈ పోస్టు కోసం ఎదురుచూశాను. ఆస్పిరిన్ సొంతంగా ఆపకండి. ఒక్క పన్ను పీకడానికి సాధారణంగా దాన్ని ఆపనక్కర్లేదు, పన్ను పీకిన చోట దూది గట్టిగా అదిమి పట్టి, అవసరమైతే కుట్టు వేస్తే రక్తం ఆగుతుంది. మీ న్యూరాలజిస్టు దగ్గర ‘కొనసాగించవచ్చు’ అని ఒక చీటీ రాయించుకుని పళ్ల డాక్టర్‌కు ఇవ్వండి. పన్ను పీకేటప్పుడు మెడను మరీ వెనక్కి వాల్చవద్దని, పక్కకు లాగవద్దని కూడా చెప్పండి. ఆయనకు ఈ మెడ సంగతి తెలిసి ఉండదు.

అనంత_రఘు

సరే సార్. సోమవారం అపాయింట్‌మెంట్ ఉంది, అదే చీటీ అడుగుతాను. అప్పటిదాకా లవంగం పెట్టుకోమని అమ్మ ఇచ్చింది.